మోడిఫై చేసిన కారుకి ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అప్‌గ్రేడ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంజిన్ పవర్ పెంచినవాళ్లలో చాలామందికి గేర్‌బాక్స్ గుర్తొచ్చేది అది స్లిప్ అవ్వడం మొదలయ్యాకే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. అప్పటికి లోపల జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. ఈ పేజీ ఇంకా చేతులు కాలనివాళ్ల కోసం. ఇక్కడున్న జవాబులు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండే ఆటోమేటిక్‌ల గురించి. డ్యూయల్ క్లచ్ (రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేవి), సీవీటీల (గేర్లకి బదులు బెల్టు, పుల్లీలతో నడిచేవి) సంగతి వేరు, వాటి గురించి కింద ఒక ప్రశ్న ఉంది.

పవర్ పెంచితే గేర్‌బాక్స్ ఎందుకు పోతుంది? అసలు లోపల ఏం జరుగుతుంది?

ఆటోమేటిక్‌లో విరిగేవి తక్కువ, కాలిపోయేవి ఎక్కువ. దాని ప్లానెటరీ గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. ఏ గేరు పడాలో తేల్చేవి క్లచ్ ప్యాక్‌లు. ఒక్కో ప్యాక్‌లో రాపిడి పొర అంటించిన ప్లేటు, ఉత్త స్టీలు ప్లేటు, మళ్లీ రాపిడి ప్లేటు, ఇలా వరసగా పేర్చి ఉంటాయి. వెనక నుంచి ఒక పిస్టన్ ఆయిల్ ప్రెజర్‌తో వాటన్నిటినీ కలిపి నొక్కుతుంది. ఆ నొక్కుడు ఇంజిన్ టార్క్‌కి సరిపోతే ప్లేట్లన్నీ ఒక్క ముద్దలా తిరుగుతాయి. సరిపోకపోతే జారతాయి, జారితే వేడెక్కుతాయి. వేడికి రాపిడి పొర మాడి పొడిగా రాలుతుంది, ఆ పొడి వాల్వ్‌లలో ఇరుక్కుంటుంది, ప్రెజర్ ఇంకా పడిపోతుంది, ప్లేట్లు ఇంకా జారతాయి. ఒకసారి ఈ చక్రం మొదలైతే దానంతట అది ఆగదు.

ఒక క్లచ్ ఎంత టార్క్ మోస్తుందన్నది నాలుగింటి మీద ఆధారపడుతుంది: రాపిడి ముఖాల సంఖ్య, ఆ పొర ఎంత పట్టు ఇస్తుంది, పిస్టన్ నొక్కే బలం, ప్లేటు సగటు వ్యాసార్థం. వ్యాసార్థం కేసింగ్ సైజును బట్టి వస్తుంది, దాన్ని మనం మార్చలేం. మార్కెట్లో "హెవీ డ్యూటీ" పేరుతో దొరికే క్లచ్ కిట్ ఏదైనా మిగతా మూడిట్లో ఒకదాన్నో, ఒకటి కంటే ఎక్కువో పెంచుతుంది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. కారు కదలకుండా యాక్సిలరేటర్ నొక్కి ఉన్నప్పుడు కన్వర్టర్ టార్క్‌ని దాదాపు రెండింతలు చేస్తుంది. ఇంజిన్ 500 న్యూటన్ మీటర్లు ఇస్తుంటే ఇన్‌పుట్ షాఫ్ట్ మీద దాదాపు 1000 పడుతుందన్నమాట. అందుకే నడుస్తున్న కారులో ఎంత పవర్ పెట్టినా మొరాయించని గేర్‌బాక్స్, నిలబడ్డ చోటు నుంచి మంచి గ్రిప్ ఉన్న టైర్లతో లాంచ్ చేసినప్పుడు షాఫ్ట్ విరగ్గొట్టుకుంటుంది.

ముందు ఏది మార్చాలి?

ముందు ఏదీ మార్చకండి, కొలవండి. గేర్‌బాక్స్ ఆయిల్ టెంపరేచర్, ఇంజిన్ ఆర్పీఎం, టర్బైన్ (కన్వర్టర్‌లో గేర్‌బాక్స్ వైపు తిరిగే భాగం) ఆర్పీఎం, ఔట్‌పుట్ షాఫ్ట్ ఆర్పీఎం లాగ్ చేయండి. ఆయిల్ పాన్ దింపి లోపల ఏముందో చూడండి. ఆ తర్వాత నేను చెప్పే వరస ఇది: కూలర్, ఆయిల్, గేర్‌బాక్స్ ట్యూన్ (దాని కంప్యూటర్ సెట్టింగులు మార్చడం), కన్వర్టర్, చివరగా క్లచ్‌లూ షాఫ్ట్‌లూ. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఖరీదైన క్లచ్‌లు వేయించి పాత ట్యూన్‌తోనే నడుపుతారు, ఆ కొత్త క్లచ్‌లు కూడా మాడిపోతాయి.

ఇంజిన్‌కి ట్యూన్ బాక్స్ పెట్టాక మూడో గేరులో స్లిప్ అవుతోంది. గేర్‌బాక్స్ వీక్ అనుకోవాలా?

అంత తొందరగా ఆ మాట అనకండి. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం గేర్‌బాక్స్‌లు బతుకుతాయని నా నమ్మకం, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న గేర్‌బాక్స్‌లో ఇంజిన్ టార్క్‌ని నేరుగా కొలిచే సెన్సర్ సాధారణంగా ఉండదు. ఇంజిన్ కంప్యూటర్ లెక్కగట్టి "ఇప్పుడు ఇంత టార్క్ ఇస్తున్నాను" అని గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి చెబుతుంది. ఆ అంకెను బట్టే క్లచ్‌ల మీద ఎంత ప్రెజర్ పెట్టాలో అది నిర్ణయిస్తుంది. మీరు పెట్టిన బాక్స్ చేసే పనేమిటి? బూస్ట్ సెన్సర్ సిగ్నల్‌ని తగ్గించి చూపించి, అసలు బూస్ట్‌ని పెంచుతుంది. ఇంజిన్ కంప్యూటర్ పాత బూస్టే ఉందనుకుని పాత టార్కే చెబుతుంది. గేర్‌బాక్స్ 400 న్యూటన్ మీటర్లకి తగ్గ ప్రెజర్ పెడుతుంది, మీద పడేది 520. క్లచ్ ఆ తేడాని మోయలేక జారుతుంది. అందులో గేర్‌బాక్స్ తప్పేమీ లేదు, దానికి అందిన లెక్కే తప్పు.

గేరు మారే క్షణంలోనూ ఇదే ఇబ్బంది. ఆ క్షణంలో గేర్‌బాక్స్ "కాస్త టార్క్ తగ్గించు" అని అడుగుతుంది, ఇంజిన్ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిపి తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలన్న లెక్క కూడా ఆ తప్పుడు అంకె మీదే నడుస్తుంది. అందుకే వీలున్న చోట బాక్స్ తీసేసి ఇంజిన్ కంప్యూటర్‌నే సరిగ్గా ట్యూన్ చేయించండి, టార్క్ మోడల్ నిజం చెప్పేలా. ట్యూనర్‌ని కలిసినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న "ఎన్ని హార్స్‌పవర్ వస్తుంది" అని కాదు, "గేర్‌బాక్స్‌కి వెళ్లే టార్క్ అంకె సరిచేస్తారా" అని. ఆ ప్రశ్న అర్థం కానివాళ్ల చేతికి ఆటోమేటిక్ కారు ఇవ్వకండి.

గేర్‌బాక్స్ ట్యూన్‌లో ఏమేం మారుస్తారు?

లైన్ ప్రెజర్ (క్లచ్‌లని నొక్కే ఆయిల్ ప్రెజర్), గేరు మారడానికి పట్టే సమయం, ఏ స్పీడులో మారాలి, టార్క్ పరిమితులు, కన్వర్టర్ లాకప్ (కన్వర్టర్ లోపలి క్లచ్ ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపేయడం) ఎప్పుడు పడాలి. ప్రెజర్ ఎంత పెంచితే అంత మంచిది అనుకోవద్దు. హద్దు దాటితే పంపు మీద భారం పడుతుంది, సీళ్లు తొలుచుకుపోతాయి, గేరు పడే దెబ్బ మొత్తం షాఫ్ట్‌ల మీదికి వెళ్తుంది. అవసరమైన చోట, అవసరమైనంత పెంచేదే మంచి ట్యూన్. తక్కువ యాక్సిలరేటర్‌లో కారు మెత్తగానే మారాలి.

ఆయిల్ టెంపరేచర్ ఎంత వరకు పర్వాలేదు?

80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే నిశ్చింత. కొన్ని కొత్త గేర్‌బాక్స్‌లు 100 దగ్గరే మామూలుగా నడుస్తాయి. 110 దాటి అక్కడే నిలబడితే కాలు తీయండి. 120 పైన అయితే ఆపండి. ఇంజిన్ వెంటనే కట్టేయకుండా న్యూట్రల్‌లో పెట్టి ఆర్పీఎం కొద్దిగా పెంచి ఉంచితే ఆయిల్ కూలర్ గుండా తిరిగి చల్లబడుతుంది. 80 దాటాక ప్రతి పది పదకొండు డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగం అవుతుందని మెకానిక్‌ల మధ్య పాత లెక్క ఒకటుంది. ఇప్పటి సింథటిక్ ఆయిల్‌కి అది అక్షరాలా వర్తించదు గానీ, దిశ మాత్రం అదే.

టెంపరేచర్ ఎక్కడ కొలుస్తున్నారో కూడా చూసుకోండి. పాన్‌లో సెన్సర్ చూపించేది కాస్త చల్లబడి కలిసిపోయిన ఆయిల్ వేడి. కన్వర్టర్ నుంచి కూలర్‌కి వెళ్లే పైపులో లాంచ్ సమయంలో వేడి దానికంటే చాలా ఎక్కువ ఉంటుంది.

ఎలాంటి కూలర్ పెట్టాలి?

ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చిన రకం. సన్నని గొట్టాన్ని వంకర్లు తిప్పి రెక్కలు తొడిగిన పాత రకం కంటే అదే సైజులో ఇది బాగా చల్లబరుస్తుంది. రేడియేటర్ లోపల ఉన్న కూలర్‌ని తీసేయకుండా దాని తర్వాత ఇది వచ్చేలా పైపులు కలపండి. చలి ప్రాంతాల్లో నడిపేవాళ్లకి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే ఆయిల్ ఎప్పటికీ వేడెక్కదు. చల్లటి ఆయిల్‌తో గట్టిగా తొక్కడమూ నష్టమే. పైపులు ఎగ్జాస్ట్‌కి దూరంగా ఉండాలి, కనెక్షన్లకి ఇంధనం హోస్ క్లిప్పులు సరిపోవు, ప్రెజర్ తట్టుకునే ఫిట్టింగులే వాడండి.

"లైఫ్‌టైమ్ ఆయిల్" అని రాసుంది కదా, మార్చాలా?

మార్చాలి. ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్‌ఎఫ్ సంస్థే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మార్చమని చెబుతుంది. అది మామూలుగా నడిపే కారుకి. పవర్ పెంచిన కారుకి నేనైతే అందులో సగానికే మారుస్తాను. ట్రాక్ మీద తిప్పేవాళ్లు కిలోమీటర్లు లెక్కపెట్టకుండా ఆయిల్ రంగూ వాసనా చూసి మార్చాలి.

ఆయిల్ మారిస్తే గేర్‌బాక్స్ పోయిందని చాలామంది చెబుతారు. నిజమేనా?

ఆ కథల్లో చాలావరకు గేర్‌బాక్స్ అప్పటికే పోవడానికి సిద్ధంగా ఉంది. స్లిప్ మొదలయ్యాక భయపడి ఆయిల్ మార్పిస్తారు, నెలకి అది ఆగిపోతుంది, నింద ఆయిల్ మీద పడుతుంది. అరిగిపోయిన క్లచ్‌ని కొత్త ఆయిల్ బాగుచేయలేదు.

అందుకే పాన్ దింపినప్పుడు మాగ్నెట్‌ని చూడాలి. దాని మీద వేలితో తుడిస్తే బూడిద రంగులో మెత్తని పేస్టు వస్తుంది, నలిపితే వేళ్ల మధ్య గరుకు తగలదు. అది సహజం. గరుకుగా తగిలినా, గోరు మీద మెరిసే రేకులు కనిపించినా ఏదో బేరింగో గేరో అరుగుతోంది. పాన్ అడుగున కాఫీ మడ్డిలా నల్లటి పొడి పేరుకుని, ఆయిల్ మాడిన వాసన కొడుతుంటే క్లచ్‌లు కాలుతున్నాయి. అలాంటప్పుడు ఆయిల్ మార్చి సంతృప్తి పడకుండా గేర్‌బాక్స్ విప్పించండి.

ఏ ఆయిల్ పోయాలి?

తయారీదారు చెప్పిన స్పెసిఫికేషన్ ఉన్నదే. ఆయిల్‌లో కలిపే రాపిడి మాడిఫయర్లు ఆ క్లచ్ పొరలకి తగ్గట్టు తయారవుతాయి. డెక్స్‌రాన్ 6 స్పెసిఫికేషన్ ఆయిల్ అడిగిన దాంట్లో వేరేది పోస్తే లాకప్‌లో వణుకు రావచ్చు. లెవెల్ కూడా చెప్పిన టెంపరేచర్‌లోనే చూడాలి. 8హెచ్‌పీకి ఇంజిన్ ఆన్‌లో ఉండగా ఆయిల్ 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు చూస్తారు. దాని ఫిల్టర్ ప్లాస్టిక్ పాన్‌లో కలిసే ఉంటుంది, మార్చాలంటే పాన్ మొత్తం మార్చాలి.

స్టాల్ స్పీడ్ అంటే ఏంటి? ఎక్కువ ఉంటే మంచిదా?

కారు కదలకుండా ఆగి ఉంటే, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినా ఇంజిన్ ఏ ఆర్పీఎం దాటి వెళ్లలేదో అదే స్టాల్ స్పీడ్. పెద్ద టర్బో ఉన్న ఇంజిన్‌కి కింది ఆర్పీఎంలో బలం ఉండదు, కాబట్టి బలం వచ్చే చోటికి అది త్వరగా చేరేలా ఎక్కువ స్టాల్ ఉన్న కన్వర్టర్ వేస్తారు. కింది నుంచే టార్క్ ఇచ్చే ఇంజిన్‌కి దాని అవసరం అంతగా ఉండదు. స్టాల్ పెరిగే కొద్దీ మామూలు డ్రైవింగ్‌లో కన్వర్టర్ స్లిప్ పెరుగుతుంది, ఆయిల్ వేడెక్కుతుంది, మైలేజ్ తగ్గుతుంది.

కొనేటప్పుడు చాలామంది పొరపడే చోటు ఒకటుంది. స్టాల్ స్పీడ్ కన్వర్టర్ ఒక్కదాని లక్షణం కాదు, దాన్ని తిప్పే ఇంజిన్ టార్క్ పెరిగితే అదీ పెరుగుతుంది, టార్క్ వర్గమూలం లెక్కన. 400 న్యూటన్ మీటర్ల దగ్గర 2800 స్టాల్ ఇచ్చే కన్వర్టర్, అదే ఇంజిన్ 600 ఇచ్చేలా చేస్తే సుమారు 3400 చూపిస్తుంది. అంటే మీ పాత కన్వర్టర్ ఇప్పటికే మీరు అనుకున్నదానికంటే వదులుగా ఉండొచ్చు. తయారుచేసేవాళ్లకి ఇంజిన్ టార్క్ కర్వ్, కారు బరువు, ఫైనల్ డ్రైవ్ రేషియో, టైర్ సైజు అన్నీ చెప్పి చేయించుకోండి. అవేమీ అడగకుండా అంకె చెప్పి అమ్మేవాళ్ల దగ్గర కొనకండి.

స్టాల్ టెస్ట్ చేస్తే ఐదు సెకన్లు దాటొద్దు. ఇంజిన్ ఇచ్చే పవర్ మొత్తం ఆ సమయంలో ఆయిల్‌ని వేడి చేయడానికే పోతుంది.

షిఫ్ట్ కిట్ వేస్తే చాలదా?

పాత హైడ్రాలిక్ గేర్‌బాక్స్‌లకి అది నిజంగా మంచి పని. స్ప్రింగులు, వాల్వ్‌లు మార్చి, ఆయిల్ వెళ్లే రంధ్రాలు పెద్దవి చేసి క్లచ్ త్వరగా పట్టేలా చేస్తుంది. గేరు ఎంత సాగదీసి మారితే అంతసేపు క్లచ్ జారుతుంది, కాబట్టి కాస్త గట్టిగా మారడం క్లచ్‌కి మేలు. కానీ ప్రతి గేరుకీ వెనక నుంచి ఎవరో గుద్దినట్టు ఉంటే అది ఆరోగ్యం కాదు. కొత్త గేర్‌బాక్స్‌లలో ఈ పని చాలావరకు ట్యూన్‌తోనే జరుగుతుంది.

క్లచ్ ప్లేట్లు ఎక్కువ వేస్తే ఎక్కువ టార్క్ మోస్తుందా?

మోస్తుంది, ఒక షరతు మీద. డ్రమ్‌లో చోటు అంతే, కాబట్టి ఎక్కువ ప్లేట్లు పట్టాలంటే స్టీలు ప్లేట్లు పలచగా ఉండాలి. వేడిని పీల్చుకునేది ఆ స్టీలే. పలచబడితే పట్టు పెరుగుతుంది, వేడి తట్టుకునే శక్తి తగ్గుతుంది. డ్రాగ్ స్ట్రిప్‌లో కొన్ని సెకన్ల పరుగుకి ఇది పర్వాలేదు. బరువైన కారుతో కొండదారుల్లో, ట్రాక్‌లో తిప్పేవాళ్లకి మందపాటి స్టీళ్లే మేలు. ప్యాక్‌లో వదిలే ఖాళీ కూడా ముఖ్యం. ఒక్కో రాపిడి ప్లేటుకి సుమారు 0.25 మిల్లీమీటర్లు అన్నది స్థూలమైన కొలత, మీ గేర్‌బాక్స్ మాన్యువల్‌లో ఉన్న అంకే ఆఖరి మాట. ఖాళీ తక్కువైతే వాడని క్లచ్ కూడా రాసుకుని మాడుతుంది.

ఏ గేర్‌బాక్స్‌లో ఏది ముందు పోతుంది?

జీఎం (జనరల్ మోటార్స్) వారి 4ఎల్60ఈ గేర్‌బాక్స్ తీసుకోండి. 1982లో వచ్చిన 700ఆర్4 వంశం. ఇందులో మూడు నాలుగు గేర్ల క్లచ్ ముందు మాడుతుంది. రెండోది సన్ షెల్ (మధ్యలో ఉండే సన్ గేరుని తిప్పే లోహపు డొప్ప), దాని స్ప్లైన్లు (పట్టు కోసం ఉండే గాడులు) అరిగిపోతే రెండో గేరు, నాలుగో గేరు, రివర్స్ మూడూ ఒక్కసారే మాయమవుతాయి. కారు ముందుకి కదులుతూ రివర్స్ లేదంటే మొదటి అనుమానం అదే. గట్టిపరిచిన షెల్ దొరుకుతుంది, విప్పినప్పుడే వేయించేయండి.

అదే సంస్థ 4ఎల్80ఈ, 1964లో వచ్చిన టీహెచ్400కి ఓవర్‌డ్రైవ్ చేర్చినట్టు ఉంటుంది. బరువు ఎక్కువ, తిప్పడానికి ఇంజిన్ పవర్ కూడా ఎక్కువ తింటుంది, కానీ మొండిది.

జెడ్‌ఎఫ్ 8హెచ్‌పీ 2009లో బీఎండబ్ల్యూ 7 సిరీస్‌తో వచ్చింది. ఐదు క్లచ్, బ్రేక్ ప్యాక్‌లలో ఏ గేరులోనైనా మూడు పట్టి, రెండే వదులుగా ఉంటాయి. తిరుగుతూ రాసుకునేవి తక్కువ కావడంతో నష్టమూ తక్కువ. పేరు చివర అంకె టార్క్ స్థాయిని చెబుతుంది: 8హెచ్‌పీ45 అంటే 450 న్యూటన్ మీటర్ల తరగతి, 8హెచ్‌పీ70 అంటే 700. మంచి ట్యూన్‌తో ఇది పేరుకి మించి మోస్తుంది. నా మటుకు నాకు ఈ తరం గేర్‌బాక్స్‌లలో అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

ఉన్నదాన్ని బలపరచాలా, పెద్ద గేర్‌బాక్స్ మార్చాలా?

ఇంజిన్ టార్క్ గేర్‌బాక్స్ అసలు స్థాయి కంటే రెండింతలకి దగ్గరగా వెళ్తుంటే మార్చడమే నయం. కాకపోతే మార్చడం అంటే గేర్‌బాక్స్ ఒక్కటే కాదు. అడాప్టర్ ప్లేటు, ఫ్లెక్స్‌ప్లేటు (ఇంజిన్ వెనక కన్వర్టర్‌ని బిగించే పళ్లెం), క్రాస్‌మెంబర్, డ్రైవ్ షాఫ్ట్ పొడవు, గేరు లివర్, కూలర్ పైపులు, వైరింగ్, విడి కంట్రోలర్, స్పీడోమీటర్ సిగ్నల్ అన్నీ వస్తాయి. పార్క్ లేదా న్యూట్రల్‌లో తప్ప ఇంజిన్ స్టార్ట్ కాకుండా ఆపే స్విచ్‌ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వదిలేయకండి. గేరులో ఉండగా స్టార్ట్ అయ్యే కారు ముందు ఎవరైనా నిలబడి ఉండొచ్చు.

స్లిప్ మొదలైందని ముందే ఎలా కనిపెట్టాలి?

లాగ్‌లో చూడండి. ఇంజిన్ ఆర్పీఎంకీ టర్బైన్ ఆర్పీఎంకీ తేడా ఉంటే అది కన్వర్టర్‌ది. టర్బైన్ ఆర్పీఎం, ఔట్‌పుట్‌ని గేరు రేషియోతో గుణిస్తే వచ్చే అంకె, ఈ రెంటికీ తేడా ఉంటే అది క్లచ్‌ది. రేషియో 1.00 ఉన్న గేరులో ఔట్‌పుట్ 4000 తిరుగుతూ టర్బైన్ 4180 చూపిస్తే, ఆ 180 క్లచ్‌లో మాడుతోంది. కారు నడిపేవాడికి ఇది అసలు తెలియదు. కొత్త గేర్‌బాక్స్‌లు సాఫీగా ఉండటానికి లాకప్‌లో కొద్దిపాటి స్లిప్ కావాలనే ఉంచుతాయి, దానికి టెన్షన్ పడొద్దు.

ఒకే స్పీడులో నెమ్మదిగా వెళ్తున్నప్పుడు రోడ్డు మీద గీతలు తొక్కినట్టు వణుకు వస్తే, ఎడమ కాలితో బ్రేక్ పెడల్ లైటు వెలిగేంత మాత్రం తాకి చూడండి. చాలా కార్లలో లాకప్ వదిలేస్తుంది. వణుకు ఆగిపోతే లోపం కన్వర్టర్ క్లచ్‌లో ఉంది.

కన్వర్టర్ ఎక్కించేటప్పుడు ఏది జాగ్రత్త?

కన్వర్టర్‌లో ముందుగా లీటరు దాకా ఆయిల్ పోయండి. తిప్పుతూ లోపలికి తోస్తుంటే స్టేటర్ షాఫ్ట్, ఇన్‌పుట్ షాఫ్ట్, పంపు గేరు వరసగా కూర్చుంటాయి. ప్రతిసారీ టక్కుమని కాస్త లోపలికి దిగడం చేతికి తెలుస్తుంది. నేను మొదటిసారి చేసినప్పుడు రెండు టక్కులకే ఆగిపోయాను. బెల్‌హౌసింగ్‌కీ (గేర్‌బాక్స్ ముందు భాగంలో కన్వర్టర్‌ని కప్పే గంట ఆకారపు కవచం) ఇంజిన్‌కీ మధ్య వేలు మందం సందు మిగిలింది. బోల్టులు బిగిస్తే దగ్గరికి వస్తుందనుకుని బిగించాను. వచ్చింది. స్టార్ట్ చేయగానే ఇనుము రాసుకునే చప్పుడు, గేరు ఏదీ పడలేదు. మళ్లీ దింపి చూస్తే పంపు గేరు చీలి ఉంది. ఇప్పుడు గేర్‌బాక్స్ ఇంజిన్‌కి చేతితోనే పూర్తిగా ఆనేదాకా ఒక్క బోల్టు కూడా బిగించను. ఆనాక కన్వర్టర్ చేతితో స్వేచ్ఛగా తిరగాలి. దాన్ని ఫ్లెక్స్‌ప్లేటు వైపు లాగితే సుమారు 3 మిల్లీమీటర్లు ముందుకి రావాలి. ఆ ఖాళీ లేకపోతే ఇంజిన్ థ్రస్ట్ బేరింగ్ దెబ్బతింటుంది.

రీబిల్డ్ తర్వాత వెంటనే తొక్కొచ్చా?

వద్దు. కంప్యూటర్ నేర్చుకున్న పాత అడాప్టేషన్లు చెరిపేయాలి, లేకపోతే అరిగిన క్లచ్‌కి నేర్చుకున్న లెక్కలతో కొత్త క్లచ్‌ని నడుపుతుంది. మొదటి 500 కిలోమీటర్లు తేలికపాటి, మధ్యస్థ యాక్సిలరేటర్‌లో, అన్ని గేర్లూ పడేలా నడపండి. తర్వాత లెవెల్, లీకులు ఒకసారి చూసుకోండి.

డ్యూయల్ క్లచ్, సీవీటీలకి ఇవన్నీ వర్తిస్తాయా?

వేడి, ప్రెజర్, తప్పుడు టార్క్ అంకె, ఈ మూడూ డ్యూయల్ క్లచ్‌కీ వర్తిస్తాయి. కన్వర్టర్ గురించి చెప్పినవి వర్తించవు, అందులో సాధారణంగా టార్క్ కన్వర్టర్ ఉండదు. సీవీటీలో బెల్టు పుల్లీల మధ్య ఒక్కసారి జారితే ఆ గీత శాశ్వతం. పవర్ పెంచే ఆలోచన ఉంటే సీవీటీ కారు ఎంచుకోకండి.

గేర్‌బాక్స్ కాలిపోయి కొత్తది వేస్తున్నాం. పాత కూలర్ కడిగి వాడుకోవచ్చా?

వాడకండి. మాడిన పొడీ ఇనుప రజనూ కూలర్ సందుల్లో దాక్కుంటాయి. ఎంత కడిగినా పూర్తిగా రావు, కొత్త గేర్‌బాక్స్ వేడెక్కాక ఒక్కొక్కటే వదులై వాల్వ్ బాడీలోకి (ఆయిల్‌ని క్లచ్‌లకి పంచే భాగం) వస్తాయి. కూలర్ కొత్తది వేసి, పైపులు ఫ్లష్ చేయించి, తిరిగి వచ్చే పైపులో ఒక మాగ్నెట్ ఉన్న ఇన్‌లైన్ ఫిల్టర్ పెట్టండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఆ ఫిల్టర్ తీసి కోసి చూడండి.